రుషికుల్య గట్టు మీద అడగకూడని మాట

రుషికుల్య ఒడ్డున దారి ఎలా ఉంటుందని, తిరిగొచ్చిన దగ్గర్నుంచి చాలామంది అడుగుతున్నారు. మా సంఘంలో సైకిలు తొక్కేవాళ్లు కొందరున్నారు, పొద్దున్నే పరిగెత్తే పిల్లలూ ఉన్నారు. ఒక్కొక్కరికీ చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. దారి బాగుంటుంది. గట్టి మట్టి, ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పొలాలు, మధ్యమధ్య సరుగుడు తోపులు. అయితే ఆ దారిలో నా నోటి నుంచి వచ్చిన ఒక్క మాట వల్ల ఒక ఆడపిల్ల ఏడాది కష్టం మట్టిలో కలవబోయింది. దారి సంగతి రాసి ఆ సంగతి దాచిపెడితే ఇది సాక్ష్యం అనిపించుకోదు.

నేను టెక్కలిలో ఉంటాను. పాస్టరుగారి కూతుర్ని. పెళ్లికి ముందు నుంచీ ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెబుతున్నాను. షుగరు వచ్చాక డాక్టరు నడవమంటే, నడక విసుగొచ్చి సైకిలెక్కాను. యాభై దాటిన మనిషి సైకిలెక్కిందని మా వీధిలో మొదట నవ్వారు, తర్వాత గాలి కొట్టే పంపు అరువడగడం మొదలుపెట్టారు.

చికిటి

సైకిలు బస్సు మీద వేసుకుని ఇచ్ఛాపురంలో దిగేసరికి, ఎస్తేరు తన సైకిలుతో నాకోసం ఎదురుచూస్తోంది. మా పెద్దమ్మ కూతురు విమలక్కకు ఒక్కతే కూతురు ఈ ఎస్తేరు. పోలీసు ఉద్యోగానికి పరుగు పరీక్షకు తయారవుతోంది. పరీక్ష దగ్గరపడింది కాబట్టి, కొన్నాళ్లు పిల్ల దగ్గరుండి ప్రార్థించి రావాలని నేను బయల్దేరాను. పనిలో పనిగా, తను పరిగెత్తే ఆ నది గట్టు మీద సైకిలు కూడా తొక్కొచ్చని ఆశ.

"పెద్ద రోడ్డు వద్దు పిన్నీ, చికిటి మీదుగా పోదాం. లారీలుండవు," అంది.

రాష్ట్ర సరిహద్దు ఎక్కడ దాటామో నాకు తెలియలేదు. దుకాణాల బోర్డులు ఒరియాలోకి మారాయి గానీ, పొలంలో ఒకాయన తన ఎద్దును తిట్టిన తిట్టు మాత్రం అచ్చం మా ఊరిదే. వానలు వెనకబట్టిన రోజులు. వరి మోకాలెత్తు దాటి ఉంది. చికిటిలో టీ కొట్టు దగ్గర ఆగాం. కొట్టు నడిపే ఆవిడ మా సైకిళ్లను, నన్ను మార్చి మార్చి చూసింది.

"ఏటమ్మా, ఇద్దరూ సైకిల్ల మీదే ఒచ్చీసినారు. ఇంట్లో మగోలు బళ్లు దాసీసినారేటి?"

"షుగరుందమ్మా నాకు. తొక్కమన్నారు."

"అయితే టీలో పంచదారెయ్యను. ఇంకా ఏటి తాగుతావు, ఏడినీళ్లే కదా," అంటూనే గ్లాసు నిండా పోసింది. పక్కన వేడివేడి వడలు, వాటి మీద బఠాణీ కూర పోసి ఇచ్చింది. దాన్ని అక్కడ ఘుగుని అంటారు. మన దగ్గర వడకు చట్నీ లేకపోతే అన్యాయం జరిగినట్టు చూస్తాం. అక్కడ ఘుగుని లేకపోతే అలా చూస్తారు. ప్లేటు ఇరవై రూపాయలు. నాకైతే రెండో ప్లేటు కావాలనిపించింది, ఎస్తేరు ముందు అడగలేకపోయాను.

బయల్దేరుతుంటే ఆవిడ మా సంచులు చూసి, "దూరమేనా?" అంది.

"బరంపురం అమ్మా," అని నేను ఊరి పేరు చెబితే, ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపి, "నానడగనేదు," అంటూ లోపలికి వెళ్లిపోయింది. నాకు నవ్వొచ్చింది. బయల్దేరేవాళ్లను ఎక్కడికని అడగకూడదని మన పల్లెల్లోనూ ఉంది. దూరమా అనో, ఎందాకా అనో చుట్టు తిప్పి అడుగుతారు. మా ఇంట్లో మాత్రం అది తిరగబడి ఉండేది. ఎవరు ప్రయాణమైనా నాన్నగారు గడప దగ్గర ఆపి, "ఎక్కడికి?" అని సూటిగా అడిగేవారు. ఊరి పేరు, పని పేరు చెబితే, ఆ రెండు పేర్లూ పెట్టి ప్రార్థన చేసి పంపేవారు. ఎక్కడికో తెలియకుండా ఏమని ప్రార్థిస్తాం అనేవారు. మా సంఘంలో ఇప్పటికీ అదే పద్ధతి. పక్కింట్లో అపశకునమైన మాట మా ఇంట్లో ప్రేమ. ఆ మాట వినకుండా ఏ ప్రయాణమూ చెయ్యలేదు నేను.

బరంపురం

విమలక్క ఇల్లు ఒక ఇరుకు సందు చివర ఉంది. సందంతా పాత చీరల మీద అప్పడాలు ఆరుతుంటాయి. కుక్కలు కూడా వాటిని తొక్కకుండా గోడ పక్కనుంచి పోతాయి. మా బావగారు సూరత్‌లో మగ్గాల మీద పనిచేస్తున్నారు. ఆ సందులో సగం ఇళ్లలో మగవాళ్లు సూరత్‌లోనే ఉన్నారు. అక్క అప్పడాలు చేసి కొట్లకు వేస్తుంది.

రాత్రి భోజనాలకు ముందు ఇంట్లో ప్రార్థన జరిగింది. నలుగురు ఆడవాళ్లు వచ్చారు. తెలుగు పాట మొదలుపెడితే రెండో చరణం ఒరియాలో పాడతారు, ఎవరికీ అడ్డు తగలదు. అక్క మాత్రం కళ్లు తెరిచే ప్రార్థించింది, ఎస్తేరు కాళ్ల వైపు చూస్తూ.

"కిందటిసారి రోడ్డు అంచున పరిగెత్తింది కరుణా," అని తర్వాత నాతో చెప్పింది. "లారీ వచ్చినప్పుడల్లా ఆగడమే. ఒకసారి బండివాడు మోచెయ్యి రాసుకుంటూ పోయాడు. ఆ భయంతో కాలు సాగలేదు, పరీక్షలో కొద్దిలో పోయింది. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరు."

ఈసారి గంజాం ఊళ్లో ఇంకో ఇద్దరు అమ్మాయిలతో కలిసి గది తీసుకుంది ఎస్తేరు. అక్కడ రుషికుల్య గట్టు మీద పొద్దున్నే పది మంది ఆడపిల్లలు పరిగెత్తుతారు. లారీలు లేవు, ఈలలు వేసేవాళ్లు లేరు. అయితే ఆ గట్టు ఎవరి దయ మీద ఉందో కూడా అక్క చెప్పింది. నది సముద్రంలో కలిసే చోటుకి కాస్త ముందు ఒక జాలరిపల్లె ఉంది. తాతల నాటి నుంచి అక్కడే ఉన్న తెలుగువాళ్లు. ఎండాకాలంలో ఎవరో కుర్రాళ్లు మోటారు సైకిళ్ల మీద వచ్చి, గట్టు మీద ఆరేసిన వలల మీంచి తొక్కుకుపోయారు. అప్పటి నుంచి పల్లెవాళ్లు దారికి దుంగ అడ్డం వేశారు. ఆడపిల్లలు వెళ్లి బతిమాలితే, పల్లె పెద్ద దానయ్య దుంగ తీయించాడు. ఇంకోసారి మీ దారిన ఒచ్చినోళ్ల వల్ల మాకు నష్టం జరిగితే అందరికీ బందే అని చెప్పి తీయించాడు.

ఎస్తేరు అప్పడాల మీద గుడ్డ కప్పుతూ నాకు పద్ధతులు చెప్పింది. మీరెవరైనా వెళితే ఇవి మరిచిపోకండి. "వల ఆరేసుంటే సైకిలు దిగి, చెప్పులిప్పి, పక్కనుంచి నడిపించాలి పిన్నీ. వలను దాటకూడదు. నీళ్లవైపు వాళ్లది, పొలంవైపు మనది. నెత్తిమీద బరువుతో ఎవరొచ్చినా మనమే కిందికి దిగి నిలబడాలి. బెల్లు కొట్టొద్దు, ఆవులు బెదురుతాయి. వస్తున్నామని నోటితోనే చెప్పాలి."

"ఇంకేమైనా ఉన్నాయా?"

"అంతే. మిగతావి అందరికీ తెలిసినవే కదా."

గట్టు

మర్నాడు ఎస్తేరుతో గంజాం వెళ్లి, ఆ రాత్రి వాళ్ల గదిలో పడుకుని, తెల్లవారుజామునే అమ్మాయిలతో పాటు గట్టెక్కాను. గట్టు మొదట్లో ఉప్పు మళ్లు కనిపిస్తాయి. తెల్లవారే వేళ వాటిలో నీళ్లు అద్దాల్లా ఉంటాయి. అవి దాటాక మొగలి పొదలు మొదలవుతాయి. గంజాం మొగలి పువ్వు అత్తరుకు పోతుందని విన్నానే గానీ, కోసేవాణ్ణి అప్పుడే చూశాను. కాళ్లకు గోనెసంచులు చుట్టుకుని, పొడుగాటి కర్ర చివర కొడవలి కట్టుకుని ఉన్నాడు. పువ్వు ఎంతకిస్తావని అడిగితే, ఒరియాలో ఏదో అని, ఒకటి ఊరికే నా హ్యాండిలుకు గుచ్చాడు. ఆ వాసన నాలుగడుగులు పోయేదాకా కూడా నిలవలేదు నాకు. మొగలి ముల్లు దిగి వెనక చక్రం కూర్చుంది. సైకిలు వాళ్లకు ఆ దారిలో అసలు శత్రువు అదే. పొదల పక్కన దిగి నడిపించడమే మంచిది.

అమ్మాయిలు అప్పటికే నన్ను దాటి పరిగెత్తుకుంటూ పోయారు. ఎస్తేరు వెనక్కి చూసి ఆగబోతే, "నువ్వు పో, నేను నడిపించుకుంటూ వస్తాను," అన్నాను. అలా ఒంటరిగా మిగిలాను.

కొంత దూరం పోయాక ఎదురుగా ఆరుగురు మగవాళ్లు వచ్చారు. కర్రకు వల వేలాడదీసి భుజాల మీద మోస్తున్నారు. ముందు నడుస్తున్నది నెరిసిన మీసాల పెద్దమనిషి, చేతిలో డీజిలు డబ్బా. వెనక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు. నేను ఎస్తేరు చెప్పినట్టే పొలంవైపు కిందికి దిగాను. చెప్పులు కూడా విప్పాను. పద్ధతి తెలిసిన మనిషినని నాలో నేనే సంతోషపడ్డాను. వాళ్లు దగ్గరికి రాగానే, మా గుమ్మం దగ్గర పలకరించినట్టే మనసారా పలకరించాను.

"వందనాలన్నా. ఎక్కడికి బయల్దేరారు?"

పేరు చెబితే ప్రార్థిద్దామని పెదవుల మీద మాట సిద్ధంగా ఉంది.

ఎవరూ తిట్టలేదు. ఆ పెద్దాయన ఆగాడు. నా ముఖం వైపు, నా ఖాళీ నుదుటి వైపు చూశాడు. డబ్బా కింద పెట్టాడు. వెనక కర్ర భుజాల మీంచి దిగింది. వల నేలను తాకిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"తిరగండ్రా," అన్నాడు.

"అన్నా, నేను మంచికే అడిగాను."

"మంచికే అడుగుతారమ్మా అందరూ."

వెనకున్న ఆడమనిషి మాత్రం ఊరుకోలేదు. "బొట్టునేని మొకమేసుకోని ఎదురొచ్చింది సాలక, నోరిప్పి అడిగీసింది. ఏ ఊరి ముండమోపో."

ఆ సమయానికి నా భర్త టెక్కలిలో మోకాళ్లకు తైలం రాసుకుని కాఫీ తాగుతుంటాడు. ఆ మాట చెప్పే ధైర్యం లేకపోయింది. వాళ్లు వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయారు. ఆ రోజు ఆ బోటు కదలలేదు. బోటు కదలకపోతే ఆరిళ్లలో పొయ్యి మీద ఏముంటుందో నేను చెప్పక్కర్లేదు.

నేను సైకిలు నడిపించుకుంటూ పల్లె అంచుకు చేరేసరికి, దారికి అడ్డంగా సరుగుడు దుంగ పడి ఉంది. దాని మీద మొగలి కంప. అమ్మాయిలు దుంగకు అవతల చిక్కుకుని, చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డారు. ఎస్తేరు కంప పక్కనుంచి ఇవతలికి వచ్చింది.

"ఏమడిగావు పిన్నీ?"

చెప్పాను. ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. చెప్పులు విప్పి ఉన్న నా కాళ్ల వైపు చూసి, "అది చెప్పాలని నాకు తట్టలేదు," అంది. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

పల్లె

కబురు అందుకుని విమలక్క మధ్యాహ్నం బస్సుకి వచ్చింది. పొద్దు వాలుతుండగా ముగ్గురం పల్లెకు వెళ్లాం. బోట్లు నిలిపే పాక కింద మగవాళ్లు కూర్చున్నారు, ఆడవాళ్లు అంచున నిలబడ్డారు. పొద్దున ఎదురైన మీసాల పెద్దాయనే దానయ్య అనీ, నన్ను తిట్టిన ఆడమనిషి ఆయన భార్య నరసమ్మ అనీ అప్పుడు తెలిసింది. మాకు కూర్చోవడానికి తిరగేసిన గంపలు వేసిందీ ఆవిడే.

నేను తప్పు ఒప్పుకున్నాను. మా ఇంటి పద్ధతి ఇదీ అని చెప్పాను. దానయ్య చివరిదాకా విన్నాడు.

"నీ పద్ధతి నీది. కాదన్ను. నా మాటా ఇను. మొగ ఉంది సూడు, నదీ సముద్రం కలిసే కాడ. ఆడ ఇసక మేట దినం దినం జరుగుతాది. నిన్న బోటు దాటిన కాడ నేడు దారుండదు. దాటినాకే దాటినాం అనుకోవాల. ఏ పక్క సేపుందో, ఏ పక్క గాలుందో దాటినాక గాని తెల్దు. ఎక్కడికెల్తన్నామో మాకే తెల్దమ్మా. నువ్వడిగితే ఏటి సెప్పాల? పలానా కాడికని సెప్పి ఎల్తే, అది సముద్రం ముందర పొగరు కాదా?"

రేపు ఫలానా ఊరికి పోతాం, ఫలానా లాభం తెస్తాం అని చెప్పుకునేవాళ్లను మా లేఖనం కూడా మందలిస్తుంది. దేవుని చిత్తమైతే అని చేర్చకుండా నాన్నగారు ఉత్తరం ముగించేవారు కాదు. ఆదివారం బడిలో ఆ పాఠాన్ని ఎన్నోసార్లు చెప్పాను నేను. చేప తినడమే తప్ప చేపకు పోవడం తెలియని పిల్లలకు చెప్పాను. అది నాకు ఎవరైనా చెప్పడం ఇదే మొదలు.

"ఇప్పుడేం చెయ్యాలన్నా?" అని అక్క అడిగింది. "నా కూతురు ఏం చేసింది? దాని బతుకు ఈ గట్టు మీదుంది."

నరసమ్మ జవాబిచ్చింది. "అడిగిన మనిసే రేపు ఎదురు రావాల. నిండు బిందె, పసుపు నీళ్లు, ఏపరెమ్మ. గంగమ్మకి మొక్కి ఎదురొస్తే సరిపోద్ది. తప్పిన కాడే దిద్దుకుంటాది."

పాకలో అందరూ నా వైపు తిరిగారు. అక్క మోకాలితో నా మోకాలిని పొడిచింది. ఒప్పుకో అని దాని అర్థం. ఒప్పుకుంటే దుంగ లేస్తుంది. కానీ నాది కాని మొక్కు నేను మొక్కితే, అది నా దేవుని ముందే కాదు, వాళ్ల గంగమ్మ ముందూ అబద్ధమే.

"వదినా, పసుపు నీళ్లు నేను పట్టలేను. మొక్కలేను. మీ తల్లిని తక్కువ చేసి అనడం లేదు. నా నోటితో అబద్ధం రాదు."

గొణుగుడు లేచింది. "పొద్దుట అడగడానికి మాత్రం నోరొచ్చిందే," అన్నాడొక కుర్రాడు. కొందరు నవ్వారు. అక్క ముఖం ఎర్రబడింది. "పిల్ల బతుకు కంటే నీ పట్టింపు ఎక్కువా?" అంది నా చెవిలో, అందరికీ వినిపించేంత గట్టిగా.

ఎస్తేరు, "వద్దమ్మా. పిన్ని చెయ్యదు. నేను రోడ్డు మీదే పరిగెడతాను," అంది.

ఆ మాటకు నేను కుంగిపోయాను. కాసేపు కళ్లు మూసుకున్నాను. ప్రార్థించానని చెప్పలేను, మాటలు రాలేదు. చెవిలో పడుతున్నది ఒక్కటే, పాక వెనక ఎవరో బోరింగు కొడుతున్న చప్పుడు. కళ్లు తెరిచి అడిగాను.

"బోటులోకి తాగేనీళ్లు ఎవరు తెస్తారు?"

"ఎవులు తెస్తారు, మేమే. ఆ బోరింగు నుంచి," అంది నరసమ్మ.

"రేపు నేను తెస్తాను. మంచినీళ్లు. దాహంతో ఉన్నవాళ్లకు నీళ్లివ్వడం మా దేవుడు చెప్పిన పని. అది నేను మనసారా చెయ్యగలను."

నరసమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "సైకిలు తొక్కీ సెయ్యి, బిందె మొయ్యగలదా?"

"ఒలకబోస్తే మళ్లీ కొట్టుకుంటాను."

దానయ్య నది వైపు ఒకసారి చూశాడు. "తే. పసుపులేపోతే మాన్లే. ఖాళీ బిందె కాకపోతే సాలు. బోటు మొగ దాటి తిరిగొచ్చినాక దుంగ సంగతి సూద్దాం." తిరిగి రాకపోతే అన్న మాట ఎవరూ అనలేదు.

బోరింగు

మర్నాడు తెలతెలవారుతుండగా బోరింగు కొట్టాను. సైకిలుకు అలవాటైన కాళ్లున్నాయి గానీ, బిందెకు అలవాటైన నడుం లేదు నాకు. నరసమ్మ వచ్చి, బిందె నా చంకన సర్ది, "అంచుదాకా పొయ్యి. ఎలితిగా ఉంటే తొణుకుతాది," అంది. గాలి మొదలైంది. మొగ వైపు నుంచి అలల మోత ముందురోజు కంటే గట్టిగా వినిపిస్తోంది.

గట్టెక్కి నడిచాను. ఎదురుగా ఆ ఆరుగురే, ఆ వలే. నా గుడ్డలు సగం తడిశాయి. వాళ్లు దగ్గరపడేకొద్దీ నోట్లోకి అదే మాట వచ్చి నిలబడింది. యాభై ఏళ్ల అలవాటు. పళ్లు బిగబట్టాను. ఎక్కడికో నాకు తెలియదు, నీకు తెలుసు ప్రభువా, అని మాత్రం లోపల అనుకున్నాను. ఊరి పేరు, పని పేరు లేకుండా నేను చేసిన మొదటి ప్రార్థన అదే.

దానయ్య నన్ను దాటుతూ ఆగి, బిందెలో దోసిలి ముంచి ముఖం కడుక్కున్నాడు. కుర్రాడొకడు బిందె అందుకున్నాడు. పొద్దున్నే నిండు బిందె ఎదురైందని వాళ్లు అనుకుని ఉంటారు. తాగేనీళ్లు ఇచ్చానని నేననుకున్నాను. బిందె బోటెక్కింది.

పగలంతా ఒడ్డునే ఉన్నాం. బోటు మొగ దగ్గర రెండుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారి ముక్కు పైకి లేచి, అల వెనక కనబడకుండా పోయింది. ఒడ్డున ఆడవాళ్లెవరూ అరవలేదు. వల అల్లుతున్న చేతులు మాత్రం ఆగాయి. చాలాసేపటికి అవతల నీలం మీద చుక్కలా కనిపించాక మళ్లీ కదిలాయి.

నరసమ్మ చద్దన్నం పెట్టింది. ఆవిడ దాన్ని ఒరియా వాళ్లలాగే పఖాళ అంది. నంజుకోవడానికి కాల్చిన ఎండు నెత్తళ్లు, పచ్చిమిరపకాయ. మా ఇంట్లో ఎండుచేప వాసనొస్తే కిటికీలు తెరుస్తాం. అక్కడ గిన్నె వేలితో తుడిచి తిన్నాను.

"ఓ మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు," అంది నరసమ్మ. "నీ పెనివిటి ఉన్నాడా?"

"ఉన్నాడు. మోకాళ్ల నొప్పులు తప్ప దేనికీ లోటు లేదు."

ఆవిడ నోటి మీద కొంగు పెట్టుకుంది. "ఓలమ్మ, నాను ముండమోపనీసినాను. నువ్వైనా సెప్పొద్దా?"

"చెబితే నమ్మేదానివా?"

"నమ్మకపోదును," అని ఒప్పుకుంది. ఇంకో రెండు నెత్తళ్లు నా గిన్నెలో వేసింది. నవ్వుతూనే ఆవిడ కళ్లు మొగ వైపే ఉన్నాయి. బోటు ఎప్పటికొస్తుందని అడగాలని నాకు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అక్క నాతో మాట్లాడ్డం లేదు. దుంగకు అవతల, ఇసకలో, ఎస్తేరు ఒక్కతే అటూ ఇటూ పరిగెడుతోంది. ఇసకలో కాళ్లు కూరుకుపోతున్నాయి.

మొగ

ఎండ వాలాక బోటు కనిపించింది. వెళ్లేటప్పటి కంటే వచ్చేటప్పుడే మొగ దాటడం కష్టమట. వెనక అల తోస్తే బోటు పక్కకు తిరుగుతుంది. బోటు బయటే ఆగి, ఊగుతూ, సందు కోసం చూసింది. నరసమ్మ నా ముంజేయి పట్టుకుంది. ఎవరి దేవుణ్ణి వాళ్లం పిలుచుకున్నాం. ఒక అల, రెండో అల వదిలేసి, మూడోదాని వీపు మీద బోటు లోపలికి జారింది. నా చేతి మీద ఆవిడ గోళ్ల గుర్తులు రెండ్రోజులున్నాయి.

చేప మామూలుగానే పడింది, ఎక్కువగా కవళ్లు. గొప్పగా ఏమీ లేదు. అద్భుతం జరిగిందని రాస్తే మీరు సంతోషిస్తారేమో గానీ, జరగలేదు. దానయ్య బిందె బోర్లించి నా చేతికిచ్చాడు.

"ఒక్క సుక్క మిగల్నేదు. మద్దేన ఎండ సంపీసింది," అన్నాడు.

తర్వాత దుంగ వైపు తల ఊపాడు. ముందురోజు పాకలో నన్ను ఎగతాళి చేసిన కుర్రాడే కంప లాగి, ఇంకొకడితో కలిసి దుంగను పక్కకు దొర్లించాడు. ఎస్తేరు ఇసక లోంచి గట్టెక్కింది. గట్టి మట్టి మీద మొదటి నాలుగడుగులు నడిచి, ఐదో అడుగు నుంచి పరుగందుకుంది. అక్క కూర్చున్నచోటే కూర్చుని ఏడ్చింది. కాసేపటికి, "ఆ బిందె ఇటియ్యి, నడుం పట్టేస్తుంది నీకు," అంది నాతో.

తిరుగు దారి

ఈ సంగతి మా సంఘంలో చెప్పినప్పుడు ఇద్దరు ముగ్గురు అడిగారు, అది శకునానికి లొంగడం కాదా అని. నాకు శకునాల మీద నమ్మకం లేదు, ఇప్పటికీ లేదు. నిండు బిందె వల్ల అల తగ్గిందని నేననుకోను. కానీ నేను ప్రేమ అనుకున్న మాట ఆరిళ్ల పొయ్యి ఆర్పింది. ప్రేమ అయితే ఎదుటివాళ్లకు అందే రూపంలో ఉండాలి కదా. తప్పుంటే దేవుడే దిద్దుతాడు.

నేను బయల్దేరిన ఉదయం దానయ్య గట్టు మీద వల బాగుచేసుకుంటున్నాడు. సైకిలు దిగి, చెప్పులు విప్పి, పొలంవైపు నుంచి నడిపించాను. ఆయన తలెత్తి నా సంచి చూశాడు.

"దూరమేనా అమ్మా?"

"దూరమే అన్నా."

"ఎల్లి రా," అన్నాడు. మళ్లీ వల మీదికి వంగాడు.

మొన్న ఎస్తేరు పరీక్షకు బయల్దేరుతూ ఫోన్ చేసింది. వెనక బస్సు హారన్లు, అక్క కంగారు గొంతు వినిపిస్తున్నాయి. ఏ ఊళ్లో, ఏ మైదానంలో అని అడగడానికి నోరు తెరిచి ఆగాను.

"దూరమేనా అమ్మా?" అన్నాను.

అవతల పిల్ల నవ్వింది. "దూరమే పిన్నీ."

"నీళ్లసీసా నింపుకున్నావా?"

"అంచుదాకా," అంది.